తాగిన రోజు గోలీ వేసుకోడు: స్టెంట్ పడ్డాక పది నెలలు అంతుపట్టని ఒక కేసు

ఈ కేసులో వింత జబ్బేం లేదు, అరుదైన రిపోర్టూ లేదు. నేను రోజూ చూసే లాంటి గుండె పేషెంటే. అయినా రాయాలనిపించింది, ఎందుకంటే పది నెలల పాటు జవాబు నా ఫైల్‌లోనే ఉంది, నేను చూడలేదు. ఇలాంటి పేషెంట్లు మీ దగ్గర కూడా ఉండి ఉంటారు, మీ ఇంట్లో కూడా ఉండొచ్చు. పేషెంట్‌ని, ఆయన భార్యని అడిగే రాస్తున్నా, ఆనవాళ్లు దొరక్కుండా కొన్ని వివరాలు మార్చాను.

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక చిన్న టౌన్‌లో జనరల్ ఫిజిషియన్‌ని. మా దగ్గర క్యాథ్‌ల్యాబ్, అంటే స్టెంట్ వేసే చోటు, లేదు, ఎటాక్ వస్తే ఈసీజీ తీసి, క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి హైదరాబాద్ పంపుతాం. స్టెంట్ అక్కడ పడుతుంది గానీ ఆ తర్వాత బీపీ చూపించుకోవడానికైనా, గోలీలు అయిపోయినా, భయమేసినా మళ్లీ మా దగ్గరికే వస్తారు. అంటే స్టెంట్ వేసే గంట వాళ్లది, మిగిలిన ముప్పై ఏళ్లు మావి.

పేషెంట్‌కి 49 ఏళ్లు, డీసీఎం (సరుకులు మోసే చిన్న లారీ) నడుపుతాడు. తండ్రి 51 ఏళ్లకి నిద్రలోనే పోయాడు, ఊళ్లో అది మంచి చావు అనుకున్నారు గానీ గుండె అని ఎవరూ అనుకోలేదు. ఈయనకి బీపీ రెండేళ్ల కింద బయటపడింది, తల నొచ్చిన రోజు మాత్రం గోలీ వేసుకునేవాడు. సిగరెట్లు రోజుకి పది దాకా. మందు సంగతి అడిగితే "అప్పుడప్పుడు సార్" అన్నాడు, నేను ఫైల్‌లో అదే మాట రాసుకున్నా. అప్పుడప్పుడు అంటే వారానికి ఒకసారా, వారంలో ఐదు రోజులా అని అడగలేదు.

జులై చివర్లో ఎటాక్ వచ్చింది, గుండె ముందు గోడకి. మూడు గంటల్లోపు మా దగ్గరికి చేరాడు కాబట్టి ఇంజెక్షన్ పనిచేసింది, మర్నాడు హైదరాబాద్‌లో ఎడమవైపు పెద్ద రక్తనాళంలో ఒక స్టెంట్ వేశారు. ఎకోలో గుండె పంపింగ్ 45 శాతం, అంటే కొంచెం తగ్గింది. అడ్మిషన్ రోజు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 146. డిశ్చార్జ్ చీటీలో పొద్దున ఆస్పిరిన్ 75, రామిప్రిల్, మెటోప్రొలాల్, రాత్రి అటోర్వాస్టాటిన్ 80, ఇంకా టికాగ్రెలార్ 90 పొద్దునా రాత్రీ రెండు పూటలా.

ఈ రాత్రి గోలీలు రెండూ గుర్తు పెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

అసలు అవి ఎందుకో కూడా చెప్పాలి, స్టెంట్ పడగానే "బండి రిపేర్ అయిపోయింది" అనుకునేవాళ్లే ఎక్కువ. స్టెంట్ అనేది రెండు మూడు సెంటీమీటర్ల జాగాని తెరిచి పెడుతుంది అంతే, మిగతా నాళాల్లో పేరుకునే కొవ్వు దాని పాటికి అది పేరుకుంటూనే ఉంటుంది, దాన్ని ఆపేది స్టాటిన్, ఈయన చీటీలో అటోర్వాస్టాటిన్. ఇక స్టెంట్ తీగ మీద లోపలి పొర పెరిగే దాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే ఎటాక్ వచ్చి స్టెంట్ పడినవాళ్లకి మామూలుగా ఒక ఏడాది రెండు రకాల రక్తం పలచన చేసే గోలీలు ఇస్తాం, ఈయనకి ఆస్పిరిన్, టికాగ్రెలార్. టికాగ్రెలార్ పవర్ కొన్ని గంటల్లో తగ్గుతూ వస్తుంది, రెండు పూటలా ఇచ్చేది అందుకే. రాత్రిది మానేస్తే తెల్లారేసరికి రక్షణ పలచబడిపోతుంది.

అక్టోబర్‌లో, దసరా అయిపోయాక మొదటి టెస్టు చేయించా. ఎల్‌డీఎల్ 118. అటోర్వాస్టాటిన్ 80 రోజూ వేసుకుంటే ఎల్‌డీఎల్ సగానికి సగం పడిపోవాలి, అంటే ఈయనకి 73 దగ్గర్లో ఉండాలి. ఎటాక్ వచ్చినవాళ్లకి మేము కోరుకునేది 55 కింద, కనీసం 70 కింద. గోలీలు రోజూ వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నా అన్నాడు, పక్కన భార్య కూడా "నేనే చేతికిస్త సార్" అంది. ఇంకేముంది, దసరా మటన్ మీద పడేశా నేరం. బ్రెయిన్ కూర, బోటి, తలకాయ కూర అన్నీ బంద్ అని చెప్పి పంపించా. ఆవిడ ఆ మాటని వేదంలా పట్టుకుంది.

నవంబర్‌లో అయ్యప్ప మాల వేసుకుంటానని అడగడానికి వచ్చాడు. నేను కొంచెం ఆలోచించా, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, ఆపైన కొండ ఎక్కడం. నాలుగు నెలలు కావస్తోంది, నడిస్తే ఆయాసం లేదు, ట్రెడ్‌మిల్ టెస్ట్ హైదరాబాద్‌లో బాగానే వచ్చింది. స్నానానికి మరీ చల్లటి నీళ్లు వద్దు, గోలీలు ఒక్కటి తప్పినా ఒప్పుకోను, కొండ మీద డోలీ తీసుకో అని మూడు షరతులు పెట్టి సరే అన్నా. సంక్రాంతి దాటాక జనవరి మూడో వారంలో మళ్లీ టెస్ట్ చేశాం. ఎల్‌డీఎల్ 58! బీపీ 122/78, నాలుగు కిలోలు తగ్గాడు, సిగరెట్ ముట్టలేదు. అందరం సంబరపడ్డాం. ఫైల్‌లో "శాకాహారం, మంచి రెస్పాన్స్" అని రాశా.

ఆ వాక్యం తప్పు. తిండి మార్చుకుంటే కొలెస్ట్రాల్ తగ్గుతుంది, నిజమే, కానీ తిండి ఒక్కటే మార్చి 118 ని 58 కి తేవడం చాలా కష్టం. అంత పడిందంటే దాదాపు గోలీ పనే. గోలీ పని ఇప్పుడు కనబడుతోంది అంటే ఇంతకు ముందు గోలీ కడుపులోకి వెళ్లలేదు అని అర్థం. ఈ లెక్క నాకు ఆ రోజే తట్టాల్సింది. మంచి రిపోర్ట్ వచ్చినప్పుడు ఎందుకొచ్చింది అని మనం అడగం, చెడ్డ రిపోర్ట్ వస్తేనే అడుగుతాం.

ఏప్రిల్ ఆఖరుకి మళ్లీ 124. బీపీ 148/92. సిగరెట్లు రోజుకి మూడు నాలుగు. ఈసారి నేను ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలిపా, అటోర్వాస్టాటిన్‌తో కలిసి ఒకే గోలీలో వచ్చేది, అది కూడా రాత్రికే రాశా. ఇంట్లో వాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. డిగ్రీ చదివే కూతురు చార్ట్ రాసి గోడకి అంటించింది, రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్‌లో అలారం పెట్టింది. బామ్మర్దితో తిరగొద్దని భార్య గొడవ, తల్లి ఏడుపు. ఖాళీ స్ట్రిప్పులు తెమ్మంటే తెచ్చారు, లెక్క సరిగ్గా సరిపోయింది. ఇంక నాకు ఏ అనుమానం లేకుండా పోయింది. గోలీలు వేసుకుంటున్నాడు, తిండి దగ్గరే తప్పు చేస్తున్నాడు, ఇదీ నా నిర్ణయం.

మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి ఛాతీలో మంట మొదలైంది. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగించారు, ఈనో ఇచ్చారు, పక్క వీధి ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ పొడిచి పోయాడు. చెమటలు పడుతున్నా మంచం మీదే కూర్చుని తెల్లారి ఆరింటికి నా దగ్గరికి వచ్చారు, అంటే ఏడు గంటలు! ఇక్కడ కొంచెం ఆగి చెప్తా. స్టెంట్ ఉన్న మనిషికి ఛాతీలో మంటైనా, బరువైనా, దవడ లాగినా, ఎడమ చెయ్యి గుంజినా, చెమట పట్టినా అది గ్యాస్ అని ఇంట్లో తేల్చే పని ఎవరూ పెట్టుకోవద్దు, ఈసీజీ తీసి మేము తేలుస్తాం. నిజంగా గ్యాసే అయితే అందరం సంతోషంగా ఇంటికి పోదాం. 108 కి ఫోన్ కొట్టండి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తేవద్దు.

ఆయన అదృష్టం, ఈసీజీలో కొత్త మార్పు లేదు, ట్రోపోనిన్, అంటే గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్త పరీక్ష, రెండు సార్లు చేసినా నెగటివ్, హైదరాబాద్ పంపితే యాంజియోలో స్టెంట్ తెరుచుకునే ఉంది. ఆ హడావుడిలో ఆయన భార్య ఒక మాట అంది. "జేబుల నాలిక కింద పెట్టుకునే గోలి ఉంది సార్, పెట్టుకోమంటే ఇప్పుడు వద్దు అన్నడు." ఛాతీ నొప్పి వస్తే పెట్టుకునే గోలీ అది. నేను విన్నా. ఎందుకు వద్దన్నాడు అని అడగలేదు. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఈ క్షణమే.

జూన్‌లో టెస్ట్ చేస్తే 121. ఎజెటిమైబ్ కలిపితే మామూలుగా ఇంకో ఇరవై శాతం దాకా పడాలి, ఇక్కడ కదల్లేదు. ఒక మందు పనిచేయకపోతే మనిషి తత్వం అనుకోవచ్చు, రెండు వేరు వేరు దారుల్లో పనిచేసే మందులు రెండూ పనిచేయలేదంటే అవి లోపలికి వెళ్లట్లేదు. మూడో ఆలోచన కొలెస్ట్రాల్ తగ్గించే ఇంజెక్షన్లు, ఖరీదు చాలా ఎక్కువ. అవి రాసే ముందు ఒకసారి ఫైల్ మొత్తం ముందేసుకుని కూర్చున్నా, అంకెలన్నీ ఒక కాగితం మీద వరసగా రాశా. 146, 118, 58, 124, 121. ఆ 58 ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంది. థైరాయిడ్ చూశా, నార్మల్. కిడ్నీ నార్మల్. అప్పుడు తట్టింది, మాలలో ఉన్నప్పుడు ఈయన జీవితంలో మటన్ కాకుండా ఇంకేం మారింది?

తర్వాతి విజిట్‌లో భార్యనీ కూతురినీ బయట కూర్చోమన్నా. ఇది మొదటి మార్పు, పది నెలల్లో ఆయనతో నేను ఒంటరిగా మాట్లాడిందే లేదు. రెండోది ప్రశ్న. "గోలీలు రోజూ వేసుకుంటున్నావా" అని అడిగితే దానికి ఉన్న జవాబు అవును ఒక్కటే, కాదని ఏ పేషెంట్ అంటాడు డాక్టర్ ముందు. కాబట్టి ఇలా అడిగా, "అన్నా, నా దగ్గరికొచ్చే వాళ్లల్ల సగం మందికి గోలీలు తప్పుతయి, నీకు పోయిన వారంల రాత్రి గోలీలు ఎన్ని రోజులు తప్పినయి?" ఆయన కాసేపు కిందికి చూశాడు. నేను ఇంకోటి అడిగా, "తాగిన రోజు వేసుకుంటవా, ఆపుతవా?"

"తాగిన రోజు ఎట్ల ఏసుకుంట సార్? మందు మీద గోలి పడితె పానం పోతదంటరు గద."

అంతే. వారంలో ఐదు రోజులు, ఒక్కోసారి ఆరు రోజులు, బండి దిగాక ఒక క్వార్టర్. ఆ రోజుల్లో భార్య చేతికిచ్చిన గోలీలు "తిన్నాక ఏసుకుంట" అని చొక్కా జేబులో వేసుకుని పొద్దున బండిలోంచి బయట పారేసేవాడు. స్ట్రిప్పుల లెక్క అందుకే సరిపోయింది. మాలలో ఉన్న రోజుల్లో చుక్క ముట్టలేదు కాబట్టి గోలీ ఒక్కటీ తప్పలేదు, అదే 58. మే నెల రాత్రి కూడా తాగి ఉన్నాడు, అందుకే నాలుక కింద గోలీ వద్దన్నాడు, అందుకే తెల్లారేదాకా హాస్పిటల్‌కి రాలేదు, "వాసనొస్తే మీరేమంటరో అని" అన్నాడు. నా తిట్లకి భయపడి ఏడు గంటలు ఛాతీ నొప్పితో మంచం మీద కూర్చున్నాడు ఒక మనిషి.

ఆయన్ని నిర్లక్ష్యం మనిషి అనలేం. ఒక నియమాన్ని నిష్ఠగా పాటించాడు, ప్రాణం కాపాడుకోవడానికే. ఆ నియమం కూడా గాలిలోంచి పుట్టలేదు, ఎప్పుడో విరేచనాలకి ఒక కోర్సు ఇచ్చినప్పుడు మెడికల్ షాపులో "ఇవి వేసుకున్నన్ని రోజులు తాగొద్దు" అన్నారట. కొన్ని యాంటీబయాటిక్స్‌కి ఆ మాట చెప్తారు, నిద్ర గోలీలకైతే అది నిజంగానే ప్రమాదం. దాన్ని ఆయన అన్ని గోలీలకీ కలిపేసుకున్నాడు. "తాగొద్దు" అని చెప్పడం వరకే చెప్పారు, ఒకవేళ తాగితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇంకోటి కూడా అర్థమైంది. ఇంట్లో గొడవ పెరిగిన కొద్దీ ఆయన దాచడం పెరిగింది, దాచడం పెరిగిన కొద్దీ గోలీలు పోయాయి. తొమ్మిదింటి అలారం ఆయన దోస్తుల మధ్య గ్లాసు పట్టుకున్న టైమ్‌కి సరిగ్గా మోగేది, కట్ చేసేవాడు. పాపం ఆ పిల్ల ప్రేమతో పెట్టింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి. ముందు మందు మానిపించి ఆ తర్వాత గోలీలు సరిచేద్దాం అంటే ఎన్ని నెలలు పడుతుందో తెలియదు, ఈ లోపు ఏమైనా అయిపోవచ్చు. కాబట్టి రెండు సమస్యల్ని విడగొట్టా. మందు మానడం ఒక పని, అది చెయ్యాలి. కానీ అది అయ్యేదాకా గోలీలు ఆగడానికి వీల్లేదు. ఆయనకి నేను చెప్పిన మాట ఇది, "తాగొద్దు. తాగినా సరే గోలీ మాత్రం ఆపొద్దు. తాగి ఉన్నా నొప్పొస్తే అదే నిమిషం రా, నేనేమీ అనను." తాగడానికి లైసెన్స్ ఇచ్చినట్టు అవుతుందేమో అని నాకూ గుంజాటనగానే ఉండింది. కానీ ఆయన ఎలాగూ తాగుతున్నాడు, ఇప్పుడు జరుగుతున్నది మందూ ఉండి గోలీ లేకపోవడం, దానికంటే అధ్వాన్నమైన పరిస్థితి నాకు కనబడలేదు. ఆస్పిరిన్ మీద మందు పడితే కడుపులో పుండు పడి రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది, అది కూడా దాచకుండా చెప్పా, నల్లటి విరేచనం అయితే వెంటనే రమ్మన్నా, కడుపుని కాపాడే పాంటోప్రజోల్ కలిపా, హీమోగ్లోబిన్, లివర్ టెస్టులు చేయించా. లివర్ టెస్టుల్లో ఎస్‌జీపీటీ కొంచెం ఎక్కువ ఉంది గానీ స్టాటిన్ ఆపేంత కాదు. నాలుక కింద గోలీ గురించి, తాగి ఉన్నప్పుడు బీపీ ఎక్కువ పడిపోవచ్చు కాబట్టి కూర్చుని పెట్టుకో, నిలబడి వద్దు, ఒకటి పెట్టుకుని ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108 అని చెప్పా.

తర్వాత గోలీల టైమ్. అటోర్వాస్టాటిన్ శరీరంలో చాలాసేపు ఉంటుంది, పొద్దున వేసుకున్నా అంతే పనిచేస్తుంది, రాత్రి రాయడం పాత స్టాటిన్ల నుంచి వచ్చిన అలవాటు. అది పొద్దునకి మార్చడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, మొదటి రోజే చెయ్యాల్సిన పని. టికాగ్రెలార్ మాత్రం రెండు పూటలా తప్పదు, అందుకని హైదరాబాద్ కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పా. ఎటాక్ వచ్చి పదకొండో నెల, రాత్రి డోసు ఎలాగూ పోతోంది, రోజుకి ఒక్కసారి వేసుకునే, అదే పని చేసే క్లోపిడోగ్రెల్‌కి మార్చేద్దాం అని ఆయన ఎలా మార్చాలో చెప్పారు. దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్లో మార్చుకోవద్దు, ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టే మధ్య టైమ్ చాలా ముఖ్యం. మొత్తానికి రాత్రి గోలీలు సున్నా అయ్యాయి.

భార్యకి చెప్పాలా వద్దా అనేది ఇంకో పెద్ద ప్రశ్న. ఆయన చెప్పొద్దన్నాడు, జేబు సంగతి తెలిస్తే ఇంట్లో యుద్ధమే అన్నాడు. చెప్తే నా దగ్గర ఇంకెప్పుడూ నోరు విప్పడు. చెప్పకపోతే ఇన్నాళ్లు చాకిరీ చేసిన మనిషిని మోసం చేసినట్టు ఉంటుంది. టైమ్ మారింది కాబట్టి చెప్పాల్సిన అవసరం అప్పటికి లేదు, "గోలీలన్నీ పొద్దునకి మార్చినమ్మా" అని మాత్రం చెప్పా. రెండు వారాల తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆవిడ నా దగ్గర కూర్చుని ఏడ్చింది, "బట్టలు ఉతికేటప్పుడు జేబుల్ల తెల్లగ పిండి లెక్క అంటుకుంటుండె సార్, చాక్‌పీస్ అనుకున్న" అంది. ఆ రోజే ఆవిడ బీపీ చూశా, 164/98. సంవత్సరం నుంచి ప్రతి విజిట్‌కీ పక్కనే కూర్చుంటున్న మనిషి, ఎవరం చూడలేదు. తండ్రి 51 కి, అన్న 49 కి అంటే తమ్ముడిని కూడా రమ్మన్నా, 44 ఏళ్లు, బీపీ ఉంది, షుగర్ ఉంది, రెండూ ఆయనకి తెలియదు. మగవాళ్లకి 55 లోపు గుండె జబ్బు వస్తే ఆ ఇంట్లో తోబుట్టువులు, పిల్లలు టెస్టులు చేయించుకోవాల్సిందే, ఈ మాట నేను స్టెంట్ పడిన మొదటి నెలలోనే చెప్పి ఉండాల్సింది.

మాల రోజుల గురించి ఆయన్ని చాలాసేపు మాట్లాడించా. వారంలో ఐదు రోజులు తాగే మనిషి రెండు నెలల దాకా ఎలా ఉండగలిగాడు? భక్తి ఉంది, నిజమే, కానీ ఆయన మాటల్లో నాకు ఇంకోటి వినబడింది. పొద్దున నాలుగింటికే లేవాలి కాబట్టి రాత్రి తొందరగా పడుకునేవాడు. అందరూ స్వామీ అని పిలిచేవాళ్లు, దోస్తులు కూడా గ్లాసు చూపించేవాళ్లు కాదు. ఇంట్లో ఒక్కరు కూడా వద్దు వద్దు అని వెంట పడలేదు, కాళ్లు మొక్కారు. ఆయనకి ఆ గౌరవం నచ్చింది. అది సంవత్సరం పొడుగునా తేలేం గానీ ఒక ముక్క తెచ్చుకున్నాం. మాల తీసినా పొద్దున స్నానం చేసి దీపం పెట్టే అలవాటు ఆయనకి ఉండిపోయింది, కాబట్టి గోలీల డబ్బా దేవుడి గూట్లో దీపం పక్కనే పెట్టించా. స్నానం, దీపం, గోలీలు. భార్య చేతికివ్వదు, ఆయనే తీసుకుంటాడు. కూతురు గోడ మీద చార్ట్ పీకేసింది. మటన్ మీద కూడా పట్టు వదిలా, ఆదివారం మాత్రం, కొవ్వు తీసి, నూనె తక్కువ పోసి. ఉప్పు, పచ్చళ్ల దగ్గర మాత్రం వదల్లేదు, ఆ బీపీకి అది కుదరదు.

సెప్టెంబర్‌లో ఎల్‌డీఎల్ 61. దసరా అయ్యాక, అదే మటన్ దసరా, 57. బీపీ 126/80. ఏడాది దాటాక కార్డియాలజిస్ట్ సలహాతో క్లోపిడోగ్రెల్ ఆపాం, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ గోలీ, బీపీ గోలీలు నడుస్తున్నాయి.

మందు పూర్తిగా మానలేదు, వారానికి ఒకటి రెండు రోజులకి వచ్చింది, బామ్మర్ది కూడా తగ్గించాడట. సిగరెట్ ఒక నెల ఆపుతాడు, మళ్లీ మొదలుపెడతాడు, దాని మీద ఇంకా పని నడుస్తోంది, నికోటిన్ గమ్ ఇచ్చి చూస్తున్నాం. మొన్న వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోకముందే, నేను ఇంకా ఏమీ అడగకముందే, భార్య ముందరే అన్నాడు, "సార్, పోయిన వారం రెండు రోజులు తప్పినయి, లోడ్ మీద విజయవాడ పోయిన, డబ్బా ఇంట్లనే మర్చిపోయిన." బండిలో పెట్టుకోవడానికి ఇంకో చిన్న డబ్బా ఇచ్చి పంపించా.